అరచేతిలో సరస్వతి

మాయూరి రచ్చబండమీద సాయంకాలము కూర్చున్న పెద్దలలో నెవరో యొకరు "ఆ రోజులే వేరు" అననిదే ప్రొద్దు గ్రుంకదు. చెరువులో ఈత, మఱ్ఱియూడల యుయ్యెల, బిళ్ళంగోడు, కోతికొమ్మచ్చి, దసరానాటి పప్పుబెల్లములు, అన్నియు వరుసగా వచ్చును. అటుపిమ్మట నేటి పిల్లల వంతు: వీపున మూటవంటి పుస్తకాల సంచి, చేతిలో సెల్‌ఫోను, తెల్లవారగనే బస్సు, చీకటిపడుదాక ట్యూషను. నేనును ఈ పాటకు వంత పాడువాడనే. నలుబది దాటినవానికి బాల్యము తీపియగుట వింత కాదు. కాని బడిపంతులనై యుండి యా తీపి యెంతవఱకు నిజమో విచారింపకుండుట తగదని తోచి, పాత కాగితములు కొన్ని చూచితిని.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, రాజధానిలోని స్వదేశ పాఠశాలల లెక్క తీయుడని కలెక్టరుల నాజ్ఞాపించెను. లెక్కలన్నియు చేరిన పిమ్మట 1826లో ఆయన వ్రాసిన పత్రములో 1,28,50,941 మంది జనులకు 12,498 బడులును, 1,88,650 మంది విద్యార్థులును గానవత్తురు. అన్నిటిలో బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదిక చదువదగినది. నేటి అనంతపురపు సీమలో చాలభాగ మప్పుడా జిల్లాలోనిదే. అచ్చటి 533 బడులలో తెలుగు బడులు 226. ఈ దొర తెలుగునకు వ్యాకరణము వ్రాసినవాడు గాన, వీధిబడి యరుగును మనవానివలెనే చూచినాడు.

అయిదవయేట వినాయకపూజ చేసి బియ్యములో వ్రేలు పట్టి వ్రాయించుట, పిదప ఇసుకలో నక్షరములు దిద్దుట, ఆపైని తాటాకు, గంటము. పలకకు బదులు కడితము: గుడ్డకు గంజియు బొగ్గుపొడియు పట్టించి, మడతలు పెట్టి, బలపముతో వ్రాసి తుడుచుకొనెడివారు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పెడి పద్ధతి యింగ్లండునకు సైతము ప్రాకినదని కాంబెల్ మెచ్చుకొనెను. మద్రాసులో అనాథబాలుర పాఠశాల నడిపిన ఆండ్రూ బెల్, 1797లో ఈ పద్ధతినిగూర్చియే పుస్తకము ప్రకటించెను.

ఉదయ మాఱుగంటలకే బడి. అందఱికంటె ముందు వచ్చినవాని యరచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న: మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి ఒక బెత్తపుదెబ్బ, నాలుగవవానికి రెండు, అట్లు పెరుగుచు పోవును. సోమరిని దూలమునకు చేతులు కట్టి వ్రేలాడదీయుటయు గలదు. మన పెద్దలు కోదండ మనునది యిదియే. దెబ్బలు తినియే బాగుపడితిమని రచ్చబండవారు నవ్వుచు చెప్పుదురు. ఆ దెబ్బలకు జడిసి బడి మానినవారు వచ్చి చెప్పుకొనుటకు రచ్చబండమీద వారికి చోటేది?

ఇంక నొక యంకె. 9,27,857 మంది గల యా జిల్లాలో బడికి పోవువారు 6,641 మంది. అందు బాలికలు అఱువదిమంది. బీదల బిడ్డలు కాలుసేతులు కాస్త గట్టిపడగనే పనికి పోవలసివచ్చెడిదని కాంబెలే విచారించెను. మఱ్ఱియూడల యుయ్యెల లూగినవారెవ్వరో దీనివలన తెలియుచున్నది.

మా నాయనమ్మ చిన్ననాట తమ్ముని పలక కడిగి యిచ్చెడిదట. దానిమీద నొక్క యక్షరము వ్రాయ నెఱుగదు. రేషనుకార్డు పుస్తకములో వ్రేలిముద్ర వేయునపుడు ముఖము ప్రక్కకు త్రిప్పుకొనెడిది. ఆ రోజులే వేరని యామె యెన్నడును అనగా నేను వినలేదు.

నేటి తరమున కంతయు సుఖమని నే ననను. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో దండనను నిషేధించినది, మంచిదే; కాని మార్కులకొఱకు రాత్రి పదిగంటలవఱకు పిల్లను కూర్చుండబెట్టుట దూలము లేని కోదండము. ఆటస్థలములేని బడి బడి కాదు. ఈత, ఇసుక, చింతగింజలు, ఇవి తిరిగి తెచ్చుకొనదగినవి. బెత్తము కాదు.

మొన్న తరగతిలో ఈ సరస్వతికథ చెప్పితిని. మఱునాడు గేటు తీయకమున్నే యొక చిన్నది వచ్చి నిలిచి, నన్ను చూడగనే యరచేయి చాచినది. వ్రాసితిని. రెండవవాడు వచ్చి సున్న అడిగి సంతోషముతో పోయెను. మూడవవాడు రొప్పుచు వచ్చి, చేయి సగము చాచి, నా ముఖము చూచినాడు. వానికిని సరస్వతి పేరే వ్రాసితిని. ఆ చిన్నదానికి నామీద నింకను కోపము తీఱలేదు.