చూరుకు ఆనని నిచ్చెన

హోసూరు దగ్గరి బాగలూరులో పెంకుటిల్లు ఎక్కాలంటే పాతకాలం వాళ్లు ముందు గోనెపట్ట వెతికేవారు. నిచ్చెన రెండు కొమ్ములకూ దాన్ని మందంగా చుట్టి, పురికొసతో బిగించాకే గోడకు నిలిపేవారు. అదీ ఎక్కడ పడితే అక్కడ కాదు. చూరు కింద దూలం గోడ దాటి బయటికి వచ్చిన చోటు చూసుకునేవారు. కొమ్ములు దూలానికి ఆనాలి, పెంకుకు తగలకూడదు. కింద ఒకరు కాలు అడ్డం పెట్టి పట్టుకుంటే, ఇంకొకరు ఎక్కేవారు.

ఈ జాగ్రత్తంతా గూన పెంకు నేర్పింది. కుమ్మరి సారె మీద గొట్టంలా తీసి, నిలువునా రెండుగా చీల్చి కాల్చిన పెంకు అది. దానికి మేకు లేదు, సున్నం లేదు. ఒక వరస వెల్లకిలా, ఒక వరస బోర్లా పేర్చుకుంటూ కింది నుంచి పైకి పోతారు. అంటే పై పెంకులన్నీ చూరు దగ్గరి మొదటి వరస మీద ఒరిగి ఉంటాయి. నిచ్చెన కొమ్ము తగిలి అక్కడ ఒక్క పెంకు కదిలినా, పైవి ఒకదాని వెంట ఒకటి జారతాయి. ఆ సంగతి ఇంట్లో వాళ్లకు ఆ రోజు తెలియదు. మొదటి వానకు బియ్యం మూట తడిసినప్పుడు తెలుస్తుంది. పిల్లులు పరుగెత్తి, కోతులు గెంతి చెదరగొట్టిన పెంకులను రోహిణి కార్తెలో సర్దించుకునేవారు. మృగశిర వచ్చేలోపు ఆ పని అయిపోవాలి.

తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే వీధిలో వినిపించే ఊరిది. నిచ్చెనను కన్నడిగులూ తమిళులూ ఏణి అంటారు. తెలుగువాళ్లది సంస్కృత నిశ్రేణి నుంచి వచ్చిన నిచ్చెన. పేరు ఏదైనా వస్తువు ఒకటే: డెంకణికోట వైపు కొండల్లో పెరిగే గట్టి వెదురు. లోపల గుల్ల తక్కువ కాబట్టి బరువుకు ఆగుతుంది. బొంగు చీలినా ఆ చీలిక కణుపు దగ్గర ఆగుతుంది. అందుకే నిచ్చెన కొనేవాడు పొడుగు చూసే ముందు కణుపులు చూస్తాడు.

ఈ ప్రాంత చరిత్రలో నిచ్చెన మాట గట్టిగా వినిపించింది మాత్రం ఇంటి పనిలో కాదు, యుద్ధంలో. టిప్పు సుల్తాన్‌తో మూడో మైసూరు యుద్ధం నడుస్తుండగా, 1791 నవంబరు 7 రాత్రి, ఈస్టిండియా కంపెనీ కర్నల్ మాక్స్‌వెల్ సేన కృష్ణగిరి కోట మీద పడింది. కింది కోట చిక్కింది. పారిపోతున్న వాళ్లను తరుముతూ ముందు దళం పై కోట వాకిలి దాకా పోయింది కానీ, నిచ్చెనలు మోసేవాళ్లు వెనకబడ్డారు. ఈలోగా తలుపు మూసుకుంది. నిచ్చెనలు వచ్చాక పైనుంచి బండరాళ్లు దొర్లించారు. నిచ్చెనలు విరిగాయి, మోసినవాళ్లు నలిగిపోయారు. పై కోట ఆ రాత్రి లొంగలేదు. 1792 శ్రీరంగపట్నం ఒడంబడికలో బారామహల్ ప్రాంతంతో పాటే కంపెనీ చేతికి వచ్చింది. ఆ రాత్రి కథలో అధికారి పేరు నిలిచింది. నిచ్చెన భుజాన వేసుకుని ఎక్కినవాళ్ల పేర్లు కూడా అంతే గౌరవంగా నిలవాల్సింది.

మళ్లీ ఇళ్ల సంగతికి వస్తే, కప్పు మారడం 19వ శతాబ్దంలో మొదలైంది. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగళూరు జెప్పులో పెంకుల కర్మాగారం పెట్టారు. గాడిలో గాడి కూర్చునే ఆ పెంకు గూన పెంకులా సులువుగా జారదు. కానీ అంచు పెళుసు, కొమ్ము తగిలితే పెట్లిపోతుంది. తొట్టి ఇళ్లలో రెండు వాలులు కలిసే మూలన రేకు దోనె వచ్చింది. దాని మీద నిచ్చెన వాలిస్తే సొట్ట పడుతుంది, సొట్టలో నీళ్లు నిలుస్తాయి, నిలిచిన చోట తుప్పు పడుతుంది.

చూరు పొడుగునా దోనె కట్టే అవసరం పెరిగింది 2003 నుంచి. ఆ ఏడాది తమిళనాడు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, ప్రతి కట్టడానికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేసింది. డాబా ఇంటికి గొట్టం దింపితే సరిపోయింది. వాలు కప్పుకు మాత్రం అంచున పీవీసీ దోనె బిగించాల్సిందే. దాంట్లో ఆకులు పడతాయి, ఆకులు తీయాలంటే నిచ్చెన వేయాలి. పాత చిక్కే కొత్త వేషంలో వచ్చింది.

దోనె మీద ఎంత ఒత్తిడి పడుతుందో లెక్క కట్టవచ్చు. నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున నిచ్చెన కాలు గోడకు దూరంగా ఉంటే, పైదాకా ఎక్కిన 70 కిలోల మనిషి వల్ల పైన ఆనిన చోట దాదాపు 17 కిలోల నెట్టు పడుతుంది. కాలు రెట్టింపు దూరం జరిపితే ఆ నెట్టు 35 కిలోలవుతుంది, కాలు జారే ప్రమాదమూ పెరుగుతుంది. నీటి బరువు మోయడానికి కట్టిన క్లిప్పులు ఆ నెట్టుకు ఎలా ఆగుతాయి? అందుకే జరిపి పొడుగు చేసుకునే అల్యూమినియం నిచ్చెనలకు పైన రెండు చేతుల్లా అడ్డకడ్డీ తగిలిస్తారు. అది దోనెను తప్పించి గోడకు ఆనుతుంది. దూలం వెతుక్కున్న గోనెపట్ట మనిషి చేసిందీ ఇదే.

హోసూరు తాలూకా ఇప్పుడు గులాబీల సీమ. అముదగొండపల్లిలో టాన్‌ఫ్లోరా పూల పార్కే ఉంది. పక్కపక్కనే కట్టిన పాలీహౌస్‌ల కప్పుల నడుమ ఇనుప దోనెలు పరుస్తారు. ఆ వాన నీరు కుంటలోకి చేరి మళ్లీ మొక్కలకే పోతుంది. మూడు నాలుగేళ్లకోసారి ప్లాస్టిక్ పట్టా మార్చాలి, అంటే మళ్లీ ఎక్కాలి. ఇక్కడ దూలం లేదు, స్తంభం ఉంది. నిచ్చెనకు సరైన చోటు ఆ స్తంభమే.

వెదురు నిచ్చెన తడిస్తే పుచ్చిపోతుంది. అందుకని పని అయ్యాక దాన్ని చూరు కిందే, గోడకు కొట్టిన రెండు ఇనుప కొక్కేలకు అడ్డంగా వేలాడదీసేవారు. వానాకాలమంతా అది అక్కడే, పెంకుల నుంచి కారే ధారకు జానెడు లోపల, పొడిగా ఉండేది.