శిక్షకుని యోగ్యతకు కొలమానము

రగ్బీ లీగు క్రీడలో ప్రధాన శిక్షకుని యోగ్యతను నిర్ణయించుటకు పూర్వకాలమున ముఖ్యప్రమాణము, అతఁడు స్వయముగా మేటి ఆటగాఁడై యుండుటయే. 1895లో ఇంగ్లండునందు జనించి, 1908 నుండి సిడ్నీ నగరమున వేళ్లూనిన యీ క్రీడలో జట్టు నాయకుఁడే శిక్షకుఁడై మైదానమునకు దిగుట చిరకాలము సాగిన యాచారము. 1956 మొదలు 1966 వఱకు వరుసగా 11 మార్లు విజేతయైన సెయింట్ జార్జి జట్టులో కెన్ కియర్నీ, నార్మ్ ప్రొవాన్ వంటి వీరులు ఈ రెండు భారములను కలిపి మోసినవారే.

ఈ ప్రమాణమును మార్చినవారిలో అగ్రగణ్యుఁడు జాక్ గిబ్సన్. ఆటగాఁడుగా దిట్టయే కాని, ఆస్ట్రేలియా దేశపు జట్టులో స్థానము పొందినవాఁడు కాఁడు. 1966లో ఒక్క ఆటయైనను గెలువలేని ఈస్టర్న్ సబర్బ్స్ జట్టును మఱుసటి యేఁట చేపట్టి, ఆ యేఁటనే సెమీ ఫైనల్సుకుఁ జేర్చెను. అమెరికన్ ఫుట్‌బాలు శిక్షణపద్ధతులను పరిశీలించి వచ్చి, ఆటలో ఎవఁడెన్ని టాకిళ్లు చేసెనో లెక్క కట్టించెను. ప్రేక్షకుల కన్ను బంతి వెంటఁ బరుగిడును. కాగితము మీఁది యంకె మాత్రము, ప్రత్యర్థిని పట్టి నేలఁ గూల్చినవాని శ్రమను మఱువదు. ఆటగాఁడు పొందిన కీర్తికంటె శిక్షకుఁడు చూపిన యీ శ్రద్ధయే గట్టి యోగ్యతాపత్రమని నా నిశ్చితాభిప్రాయము.

1974, 1975లలో ఈస్టర్న్ సబర్బ్స్, 1981 నుండి 1983 వఱకు పరమట్టా ఆయన శిక్షణలో విజేతలైనవి. 2008లో ఆస్ట్రేలియా శతాబ్ది జట్టును ప్రకటించినప్పుడు శిక్షకస్థానము గిబ్సనుకే దక్కెను.