ఆఖరి సీటు ఖరీదు

రైతుబజారులో రాత్రి ఏడు దాటితే కొత్తిమీర లెక్క మారిపోతుంది. పొద్దున పదికి రెండు కట్టలిచ్చినావిడే, గోనెపట్టా మడిచే వేళకి "నాలుగు తీసుకోమ్మా" అని పిలిచి మరీ ఇస్తుంది. తెల్లారితే వాడిపోయే సరుకు మరి. విమానంలో సీటు కొత్తిమీర కన్నా తొందరగా పాడైపోతుంది. తలుపు మూశారంటే ఖాళీ సీటు విలువ సున్నా. అయినా అది ఆఖరి రోజున చవకవదు, మండిపోతుంది.

తేడా సరుకులో లేదు, ఆ వేళకి వచ్చే మనిషిలో ఉంది. పొద్దుపోయాక రైతుబజారుకి వచ్చేది నాలుగు రూపాయలు మిగుల్చుకుందామనుకునేవాడు. ఆఖరి రోజున విమానం టికెట్టు కోసం వచ్చేది తెల్లారేసరికి ఢిల్లీలో ఉండి తీరాల్సినవాడు. ఎంతైనా పెడతాడు. "ఎప్పుడు కొంటే చవక" అన్న మన ప్రశ్న పుట్టింది ఈ మనిషి మూలానే.

ఒకప్పుడు ఆ ప్రశ్నే లేదు. అమెరికాలో 1938 నుంచీ విమాన చార్జీలను నిర్ణయించే పని ప్రభుత్వ బోర్డుది. మన దగ్గర 1953లో విమాన సంస్థలను జాతీయం చేశాక ఇండియన్ ఎయిర్‌లైన్స్ టికెట్టు ఇంచుమించు ఆర్టీసీ టికెట్టులాంటిదే. విద్యార్థులకూ మరికొందరికీ రాయితీలుండేవి కానీ, నెల ముందు కొన్నా, గంట ముందు కొన్నా రేటు ఒకటే. దొరుకుతుందా లేదా అన్నదే బెంగ, ఎంతకన్నది కాదు.

1970ల మొదట్లో బ్రిటిష్ సంస్థ బీవోఏసీ ఒక ఎత్తు వేసింది. ప్రయాణానికి కనీసం 21 రోజుల ముందు కొంటే తక్కువ రేటు. ఖాళీగా పోయే సీట్లు నింపుకోవడానికి మంచి ఉపాయమే, కానీ దాంతోపాటే ఓ తలనొప్పి వచ్చింది. చవక సీట్లు అడిగినవాళ్లందరికీ ఇచ్చేస్తే, ఆఖర్న నిండు ధర పెట్టి కొనేవాడికి చోటుండదు. దాచిపెడితే, వాడు రాకపోవచ్చు. ఎన్ని ఇవ్వాలి? ఎన్ని దాచాలి?

1972లో అదే సంస్థలో పనిచేసే కెనెత్ లిటిల్‌వుడ్ దీనికో సూత్రం చెప్పాడు. విమాన టికెట్ల వ్యాపారం మొత్తం ఇప్పటికీ దాని చుట్టూనే తిరుగుతోంది కాబట్టి కాస్త ఆగి చూద్దాం. చవక టికెట్టు మూడు వేలు, నిండు ధర తొమ్మిది వేలు అనుకుందాం. చవక బేరం ఇప్పుడు చేతిలో ఉంది. తొమ్మిది వేలవాడు తర్వాత వస్తాడో రాడో తెలీదు. మూడు వేలు తొమ్మిది వేలలో మూడో వంతు. కాబట్టి ఈ సీటుకి నిండు ధర పెట్టేవాడు వచ్చే అవకాశం మూడో వంతు కన్నా ఎక్కువుంటే సీటు దాచు, తక్కువుంటే అమ్మెయ్. అంతే. మన ఊళ్లో ధాన్యం ఇప్పుడే తోలేయాలా, గాదెలో ఉంచాలా అని ఆలోచించే రైతు లెక్క కూడా ఇదే. కాకపోతే ఆయన వేళ్ల మీద వేస్తాడు.

ఆ లెక్కను యుద్ధానికి వాడినవాళ్లు అమెరికన్లు. 1978లో అక్కడ చార్జీల మీద ప్రభుత్వ అదుపు ఎత్తేసే చట్టం వచ్చింది. 1981లో పీపుల్ ఎక్స్‌ప్రెస్ అని ఓ చవక సంస్థ న్యూవార్క్ నుంచి మొదలైంది. పెట్టె వేస్తే డబ్బులు, కాఫీ తాగితే డబ్బులు, టికెట్టు డబ్బులు విమానం ఎక్కాక కట్టొచ్చు. జనం ఎగబడ్డారు. పెద్ద సంస్థ అమెరికన్ ఎయిర్‌లైన్స్ అన్ని సీట్లకూ అదే రేటు పెడితే దివాలా తీస్తుంది. దాని అధిపతి రాబర్ట్ క్రాండల్ 1985 జనవరిలో, పోటీదారుకి దీటుగా కొన్ని సీట్లే చవక చేశాడు. ఎన్నన్నది కంప్యూటర్ తేల్చేది. ముందుగా కొనాలన్నది షరతు. అప్పటి చవక టికెట్లకు శనివారం రాత్రి అక్కడే ఉండి రావాలనే షరతు కూడా తగిలించేవాళ్లు. వ్యాపారం పని మీద వెళ్లేవాడు శుక్రవారానికల్లా ఇల్లు చేరాలనుకుంటాడు, చవక సీటు వాడి కంటపడకుండా ఇదో కంచె. పీపుల్ ఎక్స్‌ప్రెస్ 1987 నాటికి వేరే సంస్థలో కలిసిపోయింది.

తర్వాత వచ్చిన చవక సంస్థలు శనివారం కంచె పీకేశాయి. రానూపోనూ కలిపి అమ్మడం మానేసి ఒక్కో దారీ విడిగా అమ్మితే ఆ షరతు పెట్టే వీలే లేదు. ఇంగ్లండులో 1995లో మొదలైన ఈజీజెట్ లాంటివాటికి మిగిలిన కంచె ఒక్కటే: కాలం. ముందొస్తే తక్కువ, వెనకొస్తే ఎక్కువ. వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మనవాళ్లు ఎందుకన్నారో గానీ టికెట్లకు సరిగ్గా సరిపోయింది.

మన దేశంలో 1994లో విమానయానం మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం తొలగినా, ముందు కొంటే తగ్గింపు అనే 'అపెక్స్' చార్జీలు బాగా వినబడింది 2002లో. ఆ మరుసటి ఏడే కెప్టెన్ గోపీనాథ్ పెట్టిన చవక విమాన సంస్థ ఎయిర్ డెక్కన్ వచ్చింది. 2003 సెప్టెంబరులో హైదరాబాదు-విజయవాడ మార్గంలో దాని తొలి విమానం. వెంకయ్యనాయుడు వంటి పెద్దలు ఎక్కి కూర్చున్నాక, బేగంపేటలో బయల్దేరబోతుండగా ఇంజిన్‌లో మంటలు లేచాయి. ఎవరికీ ఏమీ కాలేదు. మొదట్లోనే అంత అపశకునం ఎదురైన సంస్థే తర్వాత రూపాయికి టికెట్టు అమ్మింది. ఆ కథ ఆధారంగా తీసిన సినిమా మనం 'ఆకాశం నీ హద్దురా' పేరుతో చూశాం.

రూపాయి టికెట్టును చాలామంది దానధర్మం అనుకున్నారు. అదీ లిటిల్‌వుడ్ లెక్కే. విమానానికి అలాంటివి కొన్నే. మిగతావి మెట్లు మెట్లుగా పైకి. కానీ ఆ కొన్ని సీట్ల కోసం జనం నెట్ సెంటర్లలో రాత్రిళ్లు కాపలా కాశారు. టికెట్టు కొనడంలో వేటగాడి ఓపిక, నేర్పు ఉండాలన్న నమ్మకం మన మధ్యతరగతిలో నాటుకుంది అప్పుడే.

ఆ మెట్లను దగ్గరగా చూద్దాం. ఒకే విమానం, ఒకే రకం సీటు. అయినా కంపెనీ పుస్తకంలో అవి వై, బి, ఎం, కె అంటూ అక్షరాల బుట్టల్లో ఉంటాయి. ఒక్కో బుట్టకీ ఒక్కో రేటు. అడుగు బుట్ట ఖాళీ అయితే పై బుట్ట తెరుచుకుంటుంది. ఇలాంటి విమానం ఇన్ని రోజుల ముందు ఎంతవరకు నిండాలో పాత లెక్కలనుబట్టి కంప్యూటర్ దగ్గర ఒక గీత ఉంటుంది. అమ్మకాలు గీత కన్నా వెనకబడితే, మూసిన చవక బుట్ట మళ్లీ తెరుస్తారు. నిన్నటి కన్నా ఇవాళ రేటు తగ్గిందంటే చాలాసార్లు కారణం అదే. మంగళవారం మహిమ కాదు. మంగళవారం కొంటే చవకనే నమ్మకం, వారం మొదట్లో ఒక కంపెనీ తగ్గిస్తే మిగతావి వెంటనే పోటీకి దిగే పాత అలవాటు మిగిల్చిన జ్ఞాపకం. బ్రౌజర్‌లో దొంగచాటు కిటికీ తెరిచి వెతికితే తగ్గుతుందన్నది కూడా నాకైతే ఏనాడూ పనిచేయలేదు.

కొనేవాడి తరఫున లెక్క వేయబోయినవాడూ ఉన్నాడు. అమెరికాలో ఓరెన్ ఎట్జియోని అనే ప్రొఫెసర్ తమ్ముడి పెళ్లికి వెళ్తూ నెలల ముందే టికెట్టు కొన్నాడు. విమానంలో చుట్టుపక్కలవాళ్లను అడిగితే, తన తర్వాత కొన్నవాళ్లు తనకన్నా తక్కువ పెట్టారు. ఒళ్లు మండింది. 41 రోజులపాటు పన్నెండు వేల పైచిలుకు రేట్లు పోగేసి, ఇప్పుడు కొనాలా ఆగాలా చెప్పే ప్రోగ్రాం రాసి 2003లో పత్రం వెలువరించాడు. అది ఫేర్‌కాస్ట్ అనే సంస్థ అయింది, 2008లో మైక్రోసాఫ్ట్ కొనేసింది, కొన్నేళ్లకు ఆపేసింది. ఒళ్లు మండినవాడి లెక్కను కూడా చివరికి ఓ కంపెనీయే కొనుక్కుంది.

ప్రభుత్వం మళ్లీ చేయి పెట్టిన సందర్భాలూ లేకపోలేదు. 2017 ఏప్రిల్‌లో ప్రభుత్వ ఉడాన్ పథకం కింద కడప-హైదరాబాదు విమానం మొదలైనప్పుడు గంట ప్రయాణానికి కొన్ని సీట్లు 2,500కే అన్నారు. కరోనా కాలంలో, 2020 మే నుంచి 2022 ఆగస్టు దాకా, ప్రయాణ సమయాన్నిబట్టి కింద ఇంత, పైన ఇంత అని హద్దులు గీశారు. రైల్వేవాళ్లు మాత్రం విమానాల దారి పట్టారు. 2016లో రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో ప్రతి పది శాతం సీట్లూ నిండగానే చార్జీ పది శాతం ఎక్కుతూ, ఒకటిన్నర రెట్ల దగ్గర ఆగే పద్ధతి పెట్టారు.

మామూలు రోజుల్లో నేను మూడు నాలుగు వారాల ముందు కొంటాను, కొన్నాక మళ్లీ రేటు చూడను. సంక్రాంతి సంగతి వేరు. హైదరాబాదు నుంచి విశాఖకీ రాజమండ్రికీ పండగ ముందు సీటు మిగలదని మనకెంత తెలుసో కంప్యూటర్‌కీ అంతే తెలుసు. చవక బుట్ట మళ్లీ తెరవాల్సిన ఖర్మ దానికి లేదు. తేదీ తెలిసిన రోజే కొనేయాలి. అదే రోజుల్లో ఎదురుదిక్కున హైదరాబాదుకి వచ్చే విమానం చూడండి, దిగాలుగా చవగ్గా ఉంటుంది.

ఒక పండక్కి నలుగురికి వెతికాను. రేటు చూసి గుండె ఆగింది. ఎందుకో ఒక్కరికే వెతికితే బాగా తక్కువ చూపించింది. విషయం తర్వాత అర్థమైంది: అడుగు బుట్టలో మిగిలింది రెండే. నలుగురినీ కలిపి అడిగితే నలుగురినీ పై బుట్టలో వేస్తుంది. ఇద్దరిద్దరుగా కొన్నాను, విజయం సాధించినట్టే అనిపించింది. తీరా ఎక్కాక అమ్మా నాన్నా ఎనిమిదో వరసలో, మేమిద్దరం ఇరవై ఆరులో. దారి పొడుగునా నాన్న వెనక్కి తిరిగి నన్ను వెతుక్కుంటూనే ఉన్నాడు, ఆయన కళ్లజోడు నా సంచీలో ఉండిపోయింది. పక్కపక్క సీట్లు ఎంచుకోవడానికి వేరే డబ్బులట.