బాలనటుల యార్జనము

తొలి పూర్తి తెలుఁగు మాటల చిత్రము ‘భక్త ప్రహ్లాద’ 1932లో వెలువడెను. అందు ప్రహ్లాదుని వేషము బాలుఁడే ధరించెను. నేఁడును జూబిలీహిల్సు చెంతనున్న ఫిల్మ్‌నగరునకుఁ బిల్లలను గొనిపోవు తల్లిదండ్రులు కలరు. ఆ పిల్లల యార్జన మెవరిది?

అమెరికాలో జాకీ కూగన్ అను బాలనటుని ధనమును తల్లియు మారుతండ్రియు వ్యయపఱుపఁగా, అతఁడు పెద్దవాఁడై 1938లో వ్యాజ్యము వేసెను. మఱుసటి యేఁటనే కాలిఫోర్నియాలో బాలనటుల ధనరక్షణకు శాసనము పుట్టెను.

మన దేశమున 2016 నాఁటి సవరణ చట్టము 14 ఏండ్లలోపు వారిని పనిలోఁ బెట్టరాదని చెప్పి, చదువునకు భంగము కలుగనంతవఱకు నటనకును క్రీడలకును మినహాయింపు నొసఁగెను, సర్కసునకు నొసఁగలేదు. 2017 నిబంధనలు హద్దు లేర్పఱిచెను: జిల్లా మేజిస్ట్రేటు అనుమతి వలయును; దినమునకు 5 గంటలు మించరాదు; ఆర్జనలో నూటికి 20 వంతులకుఁ దక్కువ గాకుండ బిడ్డపేర జాతీయ బ్యాంకులో నిలువ యుంచవలెను. మిగిలిన 80 వంతులకుఁ గాపరి యింటిపెద్దయే.