మాయాబందర్ కొబ్బరి: కొమ్ముపురుగును అదుపు చేయవలసింది పేడకుప్పలోనే

ఉత్తర, మధ్య అండమాన్ జిల్లా కేంద్రమైన మాయాబందర్‌లో, ద్వీపాల్లోని అనేక ప్రాంతాల మాదిరే, కొబ్బరి ముఖ్యమైన తోట పంట. దాని ప్రధాన శత్రువుల్లో ఒకటి కొమ్ముపురుగు. నల్లని ఈ పెంకుపురుగు మొవ్వులోకి తొలుచుకొనిపోయి లేత భాగాన్ని నమిలి రసం పీలుస్తుంది. ఆకు విచ్చుకున్నాక విసనకర్రలా కత్తిరించినట్లు కనిపించేది ఆ గాయమే. ముదురు చెట్టు తట్టుకుంటుంది. లేత మొక్క మొవ్వు కుళ్లి చనిపోవచ్చు. అప్పుడు కాపు కోసం వేచిన ఏళ్లన్నీ వృథాయే.

పురుగు పుట్టేది మాత్రం చెట్టుపై కాదు. తల్లిపురుగు పేడకుప్పల్లో, కంపోస్టు గుంతల్లో, కుళ్లుతున్న కొబ్బరి మొద్దుల్లో గుడ్లు పెడుతుంది. తెల్లని ఒళ్లు, గోధుమరంగు తలతో కొడవలిలా వంగి ఉండే పిల్లపురుగు అక్కడే నెలల తరబడి పెరుగుతుంది. ఆ దశలో కొబ్బరికి హాని చేయదు. పచ్చిక, వేరుశనగ వేళ్లను కొరికే వేరుపురుగు రూపంలో ఇలాగే ఉన్నా జాతి వేరు.

పిల్లపురుగుపై బాగా పనిచేసేది మెటారైజియం శిలీంధ్రం. గోధుమను తినే పెంకుపురుగుల పిల్లల్లో దీనిని 1879లో మెచ్నికోవ్ ఒడెస్సాలో గుర్తించాడు. సిద్ధబీజం చర్మానికి అంటుకొని మొలకెత్తి లోనికి చొచ్చుకుపోతుంది. చచ్చిన పురుగుపై ఆకుపచ్చ బూజు కమ్ముతుంది. సిఫార్సు ఘనపు మీటరు ఎరువుకు 50 వేల కోట్ల సిద్ధబీజాలు. అంకె బెదిరించేదే గాని, బీజాలు కంటికి కనిపించనంత సూక్ష్మం. వీటికి తేమ కావాలి, ఎండ పడదు. అండమాన్ వానలు అనుకూలమే. కుప్పపై నీడ మాత్రం ఉండాలి.

రెండో సాధనం వైరస్. 1963లో హ్యూగర్ మలేషియాలో కనుగొన్న దీనిని 1967లో పశ్చిమ సమోవాలో విడిచారు. భారత్‌లో లక్షద్వీప్‌లోని మినికాయ్ ద్వీపంలోనూ వాడారు. కేరళ రకాన్ని దక్షిణ అండమాన్‌లో ప్రయోగించిన ఫలితాలు 2008లో ప్రచురితమయ్యాయి. వైరస్ సోకిన పెంకుపురుగు తిండి, గుడ్లు తగ్గించుకొని, రోగాన్ని తానే గుంతలకు మోస్తుంది. హెక్టారుకు 10 నుంచి 15 పురుగులను విడిస్తారు. అయితే 2007లో గ్వామ్‌లో బయటపడిన రకంపై ఈ వైరస్ అంతగా పనిచేయలేదు. అందుకే ద్వీపాలకు మొక్కలు, ఎరువు రవాణా అయ్యేటప్పుడు తనిఖీ తప్పనిసరి.

మిగిలినవి పాత పనులే. కూలిన మొద్దులను తొలగించాలి, కుప్పను తరచు తిరగేసి పిల్లపురుగులను ఏరాలి, మొవ్వు రంధ్రంలోని పురుగును ఇనుప కొక్కెంతో లాగాలి. 250 గ్రాముల వేపపిండిని అంతే ఇసుకతో కలిపి ఏడాదికి మూడుసార్లు మొవ్వు పక్కనున్న మట్టల మొదళ్లలో వేయాలి.