ఆటలో గెలుపునకు వాతావరణము కారణమగునా?

ఆటలో గెలుపు ఓటములకు బలము, నేర్పు, కలసి ఆడు అలవాటు ముఖ్య కారణములని అందరు ఎరుగుదురు. వీనికి తోడు మరియొక కారణమును ఆటగాండ్రు తరచుగా చెప్పుచుందురు. అది ఆట జరిగిన తావు, అచటి ఎండ, చలి, తేమ. ‘మా ఊళ్లో ఆడి ఉంటే మేమే గెలిచేవాళ్లం’ అను మాట ఏ పాఠశాలలోనైనను వినబడునదే. ఈ మాటలో నిజమెంత? శరీరశాస్త్రము ఏమి చెప్పుచున్నది? గడచిన నూరేండ్ల క్రీడాచరిత్ర ఏమి చెప్పుచున్నది?

కృష్ణా ప్రాంతమువారికి ఈ ప్రశ్న సహజమైనది. మైలవరము, నందిగామ, జగ్గయ్యపేటలు మెట్ట సీమలోనివి. కృష్ణా జిల్లాలో ఉన్న ఈ ఊళ్లు 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. వేసవిలో ఇచట పొడి వడగాలి వీచును. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను దాటు రోజులును కలవు. రోహిణీ కార్తెలో రోళ్లు పగులునను సామెత ఇచటివారికి అనుభవములోనిదే. మైలవరమునుండి సుమారు నూరు కిలోమీటర్లు పోయి మచిలీపట్నము చేరినచో ఎండ తీవ్రత కొంత తగ్గును. కాని సముద్రపు తేమవలన ఉక్కపోత హెచ్చును. ఒక చోటి పిల్లలు మరియొక చోటికి ఆటకు పోయినపుడు వారి శరీరములకు కొత్త పరీక్ష ఎదురగుచున్నది.

ఆ పరీక్ష ఎట్టిదో ముందుగా తెలిసికొనవలెను. పరుగెత్తువాని కండరములు వినియోగించు శక్తిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే కదలికగా మారును. తక్కినదంతయు ఉష్ణముగా మారి శరీరములో చేరును. ఈ ఉష్ణమును బయటికి పంపుటకు ఎండకాలమున మిగిలిన ముఖ్యసాధనము చెమట. ఒక లీటరు చెమట ఆవిరియగుటకు సుమారు 580 కిలోకేలరీల ఉష్ణము కావలెను. ఆ ఉష్ణమును అది చాలవరకు చర్మమునుండియే గ్రహించును. అయితే చెమట పట్టినంత మాత్రమున చాలదు. అది ఆవిరి కావలెను. పొడిగాలిలో త్వరగా ఆవిరియగును. తేమగాలిలో ఆవిరికాక ధారలుగా నేలకు కారిపోవును. నీరు నష్టమగును గాని చల్లదనము కలుగదు.

అందుచే మెట్టవాడు తీరమునకు పోయినపుడు ఎండ తక్కువగా ఉన్నను త్వరగా అలసిపోవచ్చును. తీరమువాడు మెట్టకు వచ్చినపుడు చెమట పట్టిన వెంటనే ఆరిపోవుటచే తాను ఎంత నీరు కోల్పోవుచున్నాడో గ్రహింపక పోవచ్చును.

శరీరము ఈ మార్పునకు క్రమముగా అలవాటుపడును. ఎండలో ప్రతిదినము కొంతసేపు శ్రమించినచో సుమారు 10 మొదలు 14 దినములలో చెమట ముందుగాను, అధికముగాను పట్టును. దానిలో ఉప్పు తగ్గును. రక్తములోని ద్రవభాగము పెరుగును. అదే శ్రమకు గుండె తక్కువసార్లు కొట్టుకొనును. అభ్యాసము మానినచో కొన్ని వారములలో ఈ లాభము తరిగిపోవును. కావున దీనిని పుట్టుకతో వచ్చిన ప్రాంతీయ గుణమనుట సరికాదు. ఇది సంపాదించుకొనదగినది, పోగొట్టుకొనదగినది కూడ.

ఇక చరిత్రను చూతము. ఈ వివాదము మిక్కిలిగా సాగిన దేశము అమెరికా. అచటి కళాశాల విద్యార్థుల ఫుట్‌బాలు మనకు తెలిసిన కాలిబంతి కాదు. కోలబంతిని చేతబట్టి పరుగెత్తు ఆట. శరత్కాలమున పోటీలు ముగిసిన పిమ్మట మేటి జట్లను చలిలేని దక్షిణ, పశ్చిమ నగరములకు పిలిచి ఆడించుట అచటి ఆచారము. మొదటి పోటీ 1902 జనవరి 1న కాలిఫోర్నియాలోని పాసడీనాలో పూలపండుగలో భాగముగా జరిగినది. మంచు కురియు ఉత్తరపు జట్లు ఎప్పుడును దక్షిణపు ఎండకు పోవలసినదేనా, దక్షిణమువారు ఉత్తరపు చలికి రానక్కరలేదా అని వాదము బయలుదేరినది.

వాదము న్యాయమైనదే. కాని ఫలితములు అంత సులువుగా లొంగవు. ఆ మొదటి పోటీలోనే ఉత్తరపు మిషిగన్ జట్టు కాలిఫోర్నియాకే చెందిన స్టాన్‌ఫర్డ్ జట్టును 49–0గా ఓడించినది. నూటఇరువది ఏండ్ల పిమ్మట, 2024 డిసెంబరులో, తొలిసారిగా మొదటి వరుస పోటీలను ఆతిథేయ కళాశాలల మైదానములలోనే జరిపిరి. గడ్డకట్టు చలిలో ఒహాయో స్టేట్ జట్టు దక్షిణపు టెనెసీ జట్టును 42–17గా గెలిచినది. చలి ప్రభావమునకు ఇదిగో నిదర్శనమని అనవచ్చును. కాని పది దినములు గడచిన పిమ్మట, 2025 జనవరి 1న, అదే జట్టు పాసడీనాకు పోయి పశ్చిమతీరపు ఆరిగన్ జట్టును 41–21గా ఓడించినది. అంతేగాక ఆ మొదటి వరుసలో నాలుగు ఆతిథేయ జట్లును గెలిచినవి. వానిలో వెచ్చని టెక్సస్ రాష్ట్రపు జట్టు కూడ ఉన్నది. అవి ముందే మేలైన స్థానములు పొందిన జట్లు. ఇట్టిచోట వాతావరణమునకు చెందిన భాగమును, సొంత మైదానమునకు చెందిన భాగమును, నేర్పునకు చెందిన భాగమును వేరుచేయుట సాధ్యము కాదు.

తెలుగు దేశమునకు చెందిన ఉదాహరణ ఇంతకంటె స్పష్టమైనది. హైదరాబాదు కాలిబంతి చరిత్రలో సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరు మొదట చెప్పదగినది. ఆయన బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. దక్కను పీఠభూమిలోని పొడిగాలిలో పెరిగిన ఆటగాండ్రు సముద్రతీరపు తేమలో ఐదుమారులు గెలిచిరి. పుట్టిన నేలయే ఫలితమును నిర్ణయించునదైనచో ఇది జరుగరాదు.

1952 జులైలో హెల్సింకీ ఒలింపిక్సునందు భారతజట్టు యుగొస్లావియా చేతిలో 10–1గా ఓడినది. మన ఆటగాండ్రు పలువురు వట్టి పాదములతో ఆడిరి. చల్లని నేలపై పాదముల స్పర్శజ్ఞానము తగ్గును. చల్లబడిన కండరములు మందముగా పనిచేయును. కావున ఓటమికి చలియే కారణమని చెప్పుట సులువు. కాని నాలుగేండ్ల పిమ్మట, 1956 డిసెంబరులో, మెల్బోర్న్ ఒలింపిక్సున ఆ రెండు జట్లే మరల ఎదురైనవి. అచట డిసెంబరు వేసవి ఆరంభము. ఈసారి మనవారు బూట్లతో ఆడిరి. మొదటి గోలు భారతజట్టే చేసినది. తుదకు యుగొస్లావియా 4–1గా గెలిచినది. తొమ్మిది గోళ్ల తేడా మూడునకు దిగినది. దీనిలో ఎండ భాగమెంత, బూట్ల భాగమెంత? రెండును ఒకేసారి మారినపుడు ఒకదానికే కీర్తి ఇచ్చుట శాస్త్రపద్ధతి కాదు. ప్రయోగశాలలో ఒక దానిని మాత్రమే మార్చి, తక్కినవానిని మార్పులేక ఉంచవలెనని విద్యార్థులు నేర్చుచున్నారు గదా!

చరిత్రలో అట్టి ప్రయోగము అరుదు. కాని 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలు దానికి చాల దగ్గరగా వచ్చినవి. భారతజట్టు మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2–0గా ఓడినది. పిమ్మట థాయిలాండును, జపానును, దక్షిణ వియత్నామును గెలిచి, సెప్టెంబరు 4న తుదిపోటీలో మరల దక్షిణ కొరియాను ఎదుర్కొన్నది. అదే నగరము, అదే వేడి, అదే తేమ, అదే ప్రత్యర్థి. పైగా రాజకీయ కారణములచే సుమారు లక్షమంది ప్రేక్షకులు భారతజట్టునకు వ్యతిరేకముగా కేకలు వేయుచుండిరి. అయినను మనవారు 2–1గా గెలిచి స్వర్ణపతకము పొందిరి. సికింద్రాబాదు సమీపమున అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఆ జట్టులోనివాడు. తలకు దెబ్బతగిలిన రక్షకుడు జర్నైల్ సింగును రహీమ్ ముందువరుసలో ఆడించెను. రెండు గోళ్లలో ఒకటి అతడు చేసినదే. వాతావరణము మారలేదు; ఫలితము మారినది. మారినది జట్టు అమరిక, పట్టుదల. ఆ మరుసటి ఏడు, 1963 జూన్ 11న, రహీమ్ కాన్సరు వ్యాధితో మరణించెను.

అయినచో వాతావరణము లెక్కలోనికి రాదా? వచ్చును. అలవాటుపడుటకు వ్యవధి చాలనపుడు అది బాగుగా తెలియును. బొలీవియాలోని లాపాజ్ నగరము సుమారు 3,600 మీటర్ల ఎత్తున ఉన్నది. అచటి గాలిలో ఒక్కొక్క శ్వాసకు లభించు ప్రాణవాయువు సముద్రమట్టమున లభించుదానిలో మూడింట రెండువంతులకంటె మించదు. 2009 ఏప్రిల్ 1న అచట బొలీవియా జట్టు అర్జెంటీనా వంటి మేటి జట్టును 6–1గా ఓడించినది. ఇట్టి కష్టమును తప్పించుట నిర్వాహకుల చేతిలోని పని. 2022లో కతార్ దేశమున ప్రపంచకప్పు పోటీలను ఎండకు వెరచి జూన్, జులై మాసములనుండి నవంబరు, డిసెంబరు మాసములకు మార్చిరి. తావును, నెలను, వేళను నిర్ణయించువారే ఆటలో ఎవరికి కష్టము కలుగునో కొంతవరకు నిర్ణయించుచున్నారు.

ఈ మాట ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు మిక్కిలి ముఖ్యము. ప్రపంచకప్పు ఆటగానికి వైద్యులు ఉందురు. నందిగామ మైదానములో మధ్యాహ్నము రెండు గంటలకు పరుగెత్తు బాలునికి పంతులే దిక్కు. అచట వడదెబ్బ తగిలినచో పోవునది కప్పు కాదు, ప్రాణము. రెండు ఉష్ణమాపకములు తీసికొని ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి, నీడలో గాలి తగులునట్లు ఉంచి చూచినచో విషయము స్పష్టమగును. గాలి 35 డిగ్రీలు ఉండి తడిగుడ్డది 30 చూపినచో చెమట సరిగా ఆరదు. గాలి 45 డిగ్రీలు ఉండి తడిగుడ్డది 25 చూపినచో చెమట ఆరును గాని, చర్మముకంటె వేడియైన గాలియే శరీరమును కాల్చును. రెండును ఆటకు తగిన వేళలు కావు. విద్యార్థులే ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము ఈ కొలతలను వ్రాసికొని ఆటకు వేళ నిర్ణయింపవచ్చును. కొత్త ప్రాంతమునకు పోవలసిన జట్టునకు రెండు వారముల ముందునుండి క్రమముగా ఎండలో అభ్యాసము, దప్పిక కాకముందే నీరు, నడుమ నీడలో విశ్రాంతి ఏర్పాటు చేయవలెను.

మెట్టవాడు, తీరమువాడు అను భేదము ఆటలో ఉన్నమాట నిజమే. అది రెండు వారముల అభ్యాసముతో చాలవరకు తీరునది. ఓడినపుడు ఎండను నిందించుటకంటె, ఆటకు ముందే దానిని కొలిచి సిద్ధపడుట మేలు.