ఊక కాచిన ఉక్కు

అనకాపల్లి చుట్టుపక్కల పల్లెల్లో చెరకు గానుగలు ఆడే రోజుల్లో బెల్లం పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేం. ఎండిన పిప్పిని పొయ్యి నోట్లోకి తోసే మనిషి ముంజేతులు చూస్తే ఆ సెగ ఏపాటిదో తెలుస్తుంది. అయినా పెనంలో రసం పాకానికొచ్చే వేడి 118 డిగ్రీల సెల్సియస్ దగ్గర్లోనే ఉంటుంది. దానికి ఇనప పెనం, మట్టి పొయ్యి చాలు. మరి ఆ ఇనుమునే కరిగించాలంటే? స్వచ్ఛమైన ఇనుము కరగడానికి 1,538 డిగ్రీలు కావాలి. కర్బనం పట్టిన ఉక్కయినా 1,400 డిగ్రీలు దాటితేగానీ పూర్తిగా కరగదు. అంత వేడిలో లోహాన్ని పట్టి ఉంచే పాత్రను తెలుగు కమ్మరులు శతాబ్దాల కిందటే చేశారు. అందులో వాడిన సరుకు మట్టి, వరి ఊక.

ఆ పనికి పేరుపడ్డ ఊరు నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం. డమాస్కస్ కత్తులుగా లోకమంతా చెప్పుకున్న ఆయుధాలకు ఉక్కు వెళ్లిన చోట్లలో ఇదొకటి. నిజాం రాజ్యంలో లాంబ్టన్ నడిపిన భూసర్వే బృందంతో తిరిగిన వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వోయ్సీ ఈ ఊరు చూసి, అక్కడి పద్ధతిని రాసిపెట్టాడు. ఆయన 1824లో చనిపోయాడు. ఆ రాత 1832లో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పర్షియా వర్తకుడు ఒకడు ఉక్కు కోసం ఆ ఊళ్లో మకాం వేసి ఉండగా వోయ్సీ అతన్ని కలుసుకున్నాడు. సరుకు పేరు విని కబురు పంపితే సరిపోదు, స్వయంగా వచ్చి చూసుకుని కొనాల్సినంత విలువైనదన్నమాట.

పద్ధతి ఇలా ఉండేది. రెండు చోట్ల తీసిన రెండు రకాల ఇనుమును మూడు పాళ్లకు రెండు పాళ్ల లెక్కన మూస అనే ఆ మట్టి పాత్రలో వేసేవారు. మూత పెట్టి మట్టితో మెత్తేవారు. కొలిమిలో బొగ్గుల మధ్య మూసలు పేర్చి, తిత్తులు ఊదుతూ ఒక పగలూ ఒక రాత్రీ కాల్చేవారు. తర్వాత చల్లారనిచ్చి, మూస పగలగొట్టి ఉక్కు ముద్దను తీసేవారు. మూస పని ఆ ఒక్కసారితో సరి. పగిలిన ముక్కల్ని మాత్రం వృథా పోనిచ్చేవారు కాదు. వాటిని దంచి, కొత్త మట్టిలో కలిపి, ఊక వేసి తొక్కి మళ్లీ మూసలు చేసేవారు.

నా దృష్టిలో ఈ కథకు కేంద్రం కత్తి కాదు, ఈ మూస.

ఊక ఎందుకు? మట్టి పగుళ్లివ్వకుండా ఉండటానికి మన ఇళ్లలో పొయ్యి వేసేటప్పుడూ ఊక కలుపుతాం. కోనసముద్రం మూసలో అది అంతకు మించిన పని చేసింది. 1980ల చివర్లో అమెరికా పరిశోధకురాలు థెల్మా లోవ్ ఈ మూస ముక్కల్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షించారు. గోడ నిండా ఊక గింజల ఆకారంలోనే గుల్లలు, వాటిలో బొగ్గు, సిలికా మిగిలి ఉన్నాయి. వరి మొక్క నేలలోని సిలికాను పీల్చి గింజ పొట్టులో దాచుకుంటుంది. ఊకను కాలిస్తే దాదాపు ఐదో వంతు బూడిద మిగులుతుంది, అందులో అత్యధిక భాగం సిలికాయే. మూస కాలేటప్పుడు గాలి అందని చోట ఊక బొగ్గయి నిలిచింది. ఆ బొగ్గు లోపలికి చొరబడే ఆక్సిజన్‌ను తానే మింగి ఉక్కును కాపాడింది. సిలికా మట్టిలోని అల్యూమినాతో కలిసి ముల్లైట్ అనే సూదుల్లాంటి గట్టి స్ఫటికాలకు తోడ్పడింది. గోడలో మొదలైన పగులు గుల్ల దగ్గరకొచ్చి ఆగిపోయింది.

ఐరోపా శాస్త్రవేత్తలకు అందింది ఉక్కు ముద్దలే. జార్జ్ పియర్సన్ 1795లో లండన్ రాయల్ సొసైటీకి మన ఉక్కు మీద పరిశోధన వ్యాసం ఇచ్చాడు. ఆ తర్వాత పాతికేళ్లకు మైకేల్ ఫారడే అందులో ఏ లోహం కలిసిందోనని వెతికాడు. రహస్యమంతా లోహంలోనే ఉందనుకున్నారు. పగిలిన పెంకుల్లో సగం రహస్యం పడి ఉందని ఎవరికీ తట్టలేదు.

గాలి గుల్లలు, సిలికా, అల్యూమినా కలిస్తే వేడి ఆగుతుందన్న సంగతి ఇరవయ్యో శతాబ్దంలో ఇంకో దారిన పరిశ్రమలకు చేరింది. 1940లలో అమెరికాలో చీనామట్టిని కరిగించి, గాలితో ఊది, దూదిలాంటి పోగులు తీశారు. అదే సిరామిక్ ఫైబర్. ఆ పోగుల దుప్పటి 1,260 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది, కొలిమి గోడ బరువు ఎంతో తగ్గిస్తుంది. అయితే ఆ పోగుల ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే ప్రమాదం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని క్యాన్సర్ కారకం కావచ్చన్న జాబితాలో చేర్చింది. మాస్కు లేకుండా కార్మికుడి చేత ఈ దుప్పటి కోయించడం నేరమనే నేనంటాను.

అంతరిక్ష నౌకలను వేడి నుంచి కాచిందీ ఇలాంటి పోగులే. స్వచ్ఛమైన సిలికా పోగులతో చేసిన అమెరికా స్పేస్ షటిల్ పెంకులో 90 శాతానికి పైగా ఖాళీయే. మనవాళ్లూ సిలికా పెంకులు చేశారు. 2007 జనవరి 10న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ7 మీద వెళ్లిన 550 కిలోల ఎస్‌ఆర్‌ఈ-1 గుళిక, జనవరి 22న తిరిగొచ్చి బంగాళాఖాతంలో దిగింది. వాతావరణపు రాపిడి మంటల్లోంచి దాన్ని దాటించినవాటిలో ఆ పెంకులూ ఉన్నాయి.

ఊక కూడా ఉక్కును వదల్లేదు. నేటి కర్మాగారాల్లో కరిగిన ఉక్కును అచ్చుల్లోకి వదిలే ముందు టండిష్ అనే తొట్టిలో పోస్తారు. పైన వేడి ఆరిపోకుండా చల్లే పొడుల్లో వరి ఊక బూడిద ఒకటి. మా అనకాపల్లి జిల్లాలో నక్కపల్లి మండలం రాజయ్యపేట దగ్గర భారీ ఉక్కు కర్మాగారం ప్రతిపాదన వచ్చింది. ఉత్తరాంధ్ర పిల్లలు ఉక్కును ఇంకా దగ్గరగా చూడబోతున్నారు. వాళ్లకు కోనసముద్రం పేరు కూడా తెలియాలి.

2010లో బెంగళూరు, ఎక్సెటర్ పరిశోధకులు ఉత్తర తెలంగాణలో ఊరూరూ తిరిగి పాత కొలిముల జాడలు, చిట్టెం దిబ్బలు నమోదు చేశారు. కత్తులు పెట్టిన ప్రతి ప్రదర్శనశాలలోనూ ఆ మూస ముక్క ఒకటి పెట్టాలని నా కోరిక. నున్నటి వైపు కాదు, విరిగిన అంచు చూసేవాళ్ల వైపుండాలి. ఊక జాడలు కనిపించేది అక్కడే.